పంపు లోపలి రింగు

ఇంధన ప్లాంటు, లాబ్ గది
సోమవారం

తమ్ముడూ,

ఈ ఉత్తరం మా ట్యాంకరు డ్రైవరు గారి చేతికిస్తున్నాను. కిందటిసారి ఫోన్లో ఏం జరిగిందో నీకు గుర్తుండే ఉంటుంది. నేను అరిచాను, నువ్వు పెట్టేశావు. మళ్ళీ చేసి నువ్వు అరిచావు, నేను పెట్టేశాను. మీ బావ పేపరు మీంచి తలెత్తి, "ఇకమీదట మీ ఇద్దరూ కాగితం మీద కొట్టుకోండి, ఇంట్లో చెవులకి కాస్త విశ్రాంతి దొరుకుతుంది" అన్నారు. ఆయన నోట ఏడాదికి ఒక పనికొచ్చే మాట వస్తుంది, ఈ ఏడాది కోటా అయిపోయింది. ట్యాంకరు పది రోజులకోసారి మీ ఎయిర్‌ఫీల్డ్‌కి వచ్చి ఇంధనం దింపి, శాంపిల్ డబ్బా తీసుకుని వెనక్కి వస్తుంది కదా. ఆ కాగితాల కవర్లోనే మన ఉత్తరాలు కూడా పెట్టుకుందాం.

మన పిచ్చుక, అదే నీ ముద్దుల మేనకోడలు, విమానం నడపడం నాకిష్టం లేదని నేను ఎప్పుడూ అనలేదు. షోలో జనం చప్పట్ల కోసం తలకిందులుగా నడపడం ఇష్టం లేదన్నాను. దాని నాలుగో ఏట నువ్వు భుజాల మీద ఎక్కించుకుని ఎయిర్‌షోకి తీసుకెళ్ళావు. ఆ రోజు నుంచి అది నాకు కూతురు తక్కువ, నీకు మేనకోడలు ఎక్కువ. ఇప్పుడు ఇరవై ఆరేళ్ళొచ్చాయి, షోలో పాల్గొనడానికి మొదటి అవకాశం వచ్చింది, నా మాట వినే రోజులు పోయాయి. అది ఎక్కే విమానంలో నేను పరీక్ష చేసిన ఇంధనమే పోస్తారని తెలిశాక నాకూ వద్దనడానికి నోరు రాలేదు.

ఇక అసలు సంగతి. ఇది మాత్రం నిలబడి కాకుండా కూర్చుని చదువు. మా ఇంధనం హోటళ్ళవాళ్ళు వాడి పారబోసే వేపుడు నూనెతో తయారవుతుంది. బాగా మండుతుంది, మసి చాలా తక్కువ. మీ విమానం ఓనరు గారు పత్రికల వాళ్ళకి చెప్పినదాంట్లో అంతవరకూ అబద్ధం లేదు. కానీ మామూలు విమాన కిరోసిన్‌లో ఘాటు వాసన వచ్చే కొన్ని పదార్థాలుంటాయి. అవి రబ్బరులోకి ఇంకి దాన్ని ఉబ్బేలా చేస్తాయి. మీ పాత ఇంజిన్లలో రబ్బరు రింగులు ఏళ్ళ తరబడి అలా ఉబ్బి, ఆ ఉబ్బుతోనే సందులు మూసి ఉంచుతాయి. మా ఇంధనంలో ఆ పదార్థాలు లేవు. పాత రింగుకి మా ఇంధనం తగిలితే ఇన్నాళ్ళూ తాగిందంతా కక్కేసి కుంచించుకుపోతుంది. అప్పుడు సందులోంచి ఇంధనం కారేది వేడి ఇంజిన్ మీదకే. కొత్త రింగుకి ఈ బాధ లేదు, దానికి పాత అలవాటు లేదు కాబట్టి.

సగం కిరోసిన్, సగం మాది కలిపి వాడితే ఏ భయమూ లేదు. మీ ఓనరు గారికి సగం పనికిరాదట, నూటికి నూరు పాళ్ళూ కొత్త ఇంధనమే అని అప్పుడే బ్యానర్లు కొట్టించారు. అందుకే అడుగుతున్నాను. ఆ ఇంజిన్లో ఇంధనం తగిలే ప్రతి రింగూ కొత్తదేనా? ఒక్కటి పాతది ఉన్నా నాకు చెప్పాలి. అక్కగా అడగడం లేదు, లాబ్ తరఫున అడుగుతున్నాను.

మీ అక్క


హాంగరు, పనిబల్ల దగ్గర
షోకి పన్నెండు వారాలు

లాబ్ మేడమ్ గారికి, అంటే మా అక్కకి,

కూర్చునే చదివాను. టూల్ బాక్స్ మీద కూర్చున్నాను, అది కూర్చోవడం కిందకి వస్తుందో రాదో మీ లాబ్ వాళ్ళు తేల్చాలి.

ముప్ఫై ఒక్క రింగులు అక్కా. లెక్కపెట్టి మరీ చెబుతున్నాను. ప్యాకెట్లు విప్పింది నేనే, బిగించింది నేనే. తీసిన పాతవాటిలో అరడజను నీకు ఈ కవర్లో పంపుతున్నాను. తమ్ముడు ఉంగరాలు చేయించి పంపాడని మీ ఆఫీసులో గొప్పగా చెప్పుకో.

మొన్న మీ ఇంధనంతో మొదటిసారి ఇంజిన్ స్టార్ట్ చేశాం. పిచ్చుక లోపల కూర్చుంది, నేను రెక్క పక్కన నిలబడి చెయ్యి ఊపాను. పాత ఇంజిన్ ముసలాడిలా ముందు దగ్గింది, తర్వాత సన్నగా పాడటం మొదలుపెట్టింది, ఆ పాట క్రమంగా కడుపులోకి దిగింది. ఈ ఇంజిన్లని ముప్ఫై ఏళ్ళుగా వింటున్నాను, అయినా ఆ చప్పుడు మొదలైతే మెడ మీద వెంట్రుకలు లేస్తాయి. వెనకాల పొగ లేదు అక్కా. ఎప్పుడూ నల్లగా ఉండే చోట వట్టి గాలి వణుకుతోంది. ఒక్క వాసన మాత్రం, పక్కింట్లో ఎవరో వంట మొదలుపెట్టినట్టే ఉంది. పదకొండు గంటలకే మా వాళ్ళందరికీ ఆకలేసింది.

నీకు గుర్తుందా, చిన్నప్పుడు నాన్న మనిద్దరినీ ఎయిర్‌షోలో కంచె దగ్గర వదిలి టీ తాగడానికి వెళ్ళాడు? నువ్వు రెండు చెవులూ మూసుకుని కూర్చున్నావు. నేను చివరి విమానం దిగిపోయిందని ఏడ్చాను. పెద్దయ్యాక చూపు సరిగ్గా లేక పైలట్ని కాలేదు, కంచెకి ఇవతలే ఉండిపోయాను. పిచ్చుక అటు దాటింది. పోయిన వారం అది గాల్లో నిలువుగా లేచి, చివర్న ఒక్క క్షణం ఆగి, ఆకు రాలినట్టు పక్కకి వాలింది. నా బిడ్డ అయినా ఇంతకంటే ఏం పొంగిపోతాను చెప్పు.

పంపు ఒక్కటే కొంచెం మొండికేస్తోంది. ఇంధనాన్ని ఇంజిన్లోకి తోసే పెద్ద పంపు, దాని ఒత్తిడి ముల్లు నిలకడగా ఉండటం లేదు. చూసుకుంటాను, నువ్వు కంగారుపడకు.

నీ తమ్ముడు


లాబ్ గది
శుక్రవారం

తమ్ముడూ,

ఉంగరాలు అందాయి. మీ బావకి చూపిస్తే, "పెళ్ళిలో మీ వాళ్ళు పెట్టిన ఉంగరం కంటే ఇవే గట్టిగా ఉన్నాయి" అన్నారు. వచ్చే ఏడాది కోటా కూడా ఇప్పుడే వాడేశారు.

వాటిని ఊరికే ఉంచలేదు. మూడింటిని మా ఇంధనం పోసిన గాజు సీసాలో వేశాను. వేసే ముందు ఒక్కోదాన్నీ ఇత్తడి కడ్డీకి తొడిగి చూశాను, బలవంతంగా తొయ్యాల్సి వచ్చింది. నాలుగో రోజు తీసి అదే కడ్డీకి తొడిగితే, కడ్డీని ఇలా వాల్చగానే జారి బల్ల మీద పడింది. మా కుర్చీ అబ్బాయి, అదే మా జూనియర్ కెమిస్ట్, ఎప్పుడూ కుర్చీ దిగడు కాబట్టి ఆ పేరు, అతను కూడా లేచి వచ్చి చూశాడు. చదివి తెలుసుకోవడం వేరు, కళ్ళముందు జారిపడటం చూడటం వేరు.

పంపు సంగతి ఏమైంది? నువ్వు కంగారుపడకు అని రాసిన ప్రతిసారీ నాకు కంగారు పుడుతుందని నీకు తెలియదా? పంపు మార్చాల్సి వస్తే కొత్తదే వెయ్యి. దాని లోపల కూడా రింగులుంటాయి కదా. షో రెండు వారాలు వెనక్కి జరిగితే కొంపలేం అంటుకోవు. పిచ్చుక ఈమధ్య నాకు ఫోన్ చేయడం తగ్గించింది. చేసినా బాగున్నావా, తిన్నావా అని నన్నే అడుగుతుంది. తల్లి అడగాల్సినవి పిల్ల అడుగుతుంటే ఏదో దాస్తోందని నా అనుమానం. ప్రేమ వ్యవహారమేమో కనుక్కో.

మీ అక్క


హాంగరు
షోకి తొమ్మిది వారాలు

అక్కా,

పంపు సరైపోయింది. ముల్లు ఇప్పుడు గోడకి కొట్టిన మేకులా నిలబడుతోంది.

ప్రేమ వ్యవహారం ఏమీ లేదు, దానికి తీరిక లేదు. రోజూ ఉదయం ఎగురుతోంది, మధ్యాహ్నం నేల మీద చేతులు చాచుకుని ఆ మలుపులన్నీ నడిచి గుర్తుపెట్టుకుంటోంది. చూసేవాళ్ళకి పిచ్చిదానిలా కనిపిస్తుంది.

శాంపిల్ డబ్బా పంపుతున్నాను. పని చాలా ఉంది, పెద్ద ఉత్తరం తర్వాత రాస్తాను.

తమ్ముడు


లాబ్ గది
మంగళవారం

తమ్ముడూ,

ఈ ఉత్తరం కొత్త డ్రైవరు తెస్తున్నాడు. ఎందుకో చెబుతాను.

నీ చివరి రెండు శాంపిల్ డబ్బాల్లోనూ కిరోసిన్ జాడ కనబడింది. మా ఇంధనంలో ఉండనే ఉండకూడని ఆ ఘాటు పదార్థాలు, చిటికెడే, కానీ ఉన్నాయి. ముందు నా పరికరాన్ని అనుమానించాను. కడిగి, మళ్ళీ చేశాను, అదే వచ్చింది. ప్లాంటులో నా దగ్గర దాచిన అదే బ్యాచ్ సీసా తీసి చూస్తే దాంట్లో ఏమీ లేదు. అంటే ఇక్కడి నుంచి బయల్దేరినప్పుడు శుభ్రంగా ఉన్నది, మీ దగ్గరి నుంచి తిరిగి వచ్చేసరికి కలుషితమైంది.

మా మేనేజరు ఒక్క క్షణం ఆలోచించలేదు. దారిలో మా ఇంధనం కొంత అమ్ముకుని, కిరోసిన్ పోసి నింపాడని డ్రైవరు గారి మీద పడ్డాడు. విచారణ అయ్యేదాకా పనిలోకి రావద్దన్నాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసు ఆయనది. నా బల్ల దగ్గరికి వచ్చి, "అమ్మా, మీ పరీక్షలో తప్పేమైనా ఉందేమో ఒక్కసారి చూడండి" అన్నాడు. చూశానని చెప్పడానికి నాకు ప్రాణం పోయినంత పనైంది. ఆయన టోపీ తీసి నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. తాళాలు పెట్టబోయి టోపీ పెట్టినట్టున్నాడు. మళ్ళీ వెనక్కి వచ్చి మార్చుకున్నాడు.

ఆ డబ్బా నువ్వు ఎక్కడి నుంచి నింపావు? విమానం ట్యాంకు అడుగు నుంచేనా? ఎవరు నింపారు? నువ్వు ముప్ఫై ఏళ్ళ నుంచి చేస్తున్న పనిని ప్రశ్నిస్తున్నానని ఉడుక్కోకు. నీ చివరి ఉత్తరం ఏడు వాక్యాలే ఉంది. అబద్ధం చెప్పేటప్పుడు నువ్వు చిన్నప్పటి నుంచీ పొట్టిగానే మాట్లాడతావు. ఏం జరిగిందో నాకు తెలియదు, కానీ ఏదో జరిగిందని తెలుస్తోంది. ఆ విమానంలో కూర్చునేది ఎవరో మనిద్దరికీ తెలుసు.

అక్క


హాంగరు
షోకి మూడు వారాలు

అక్కా,

డ్రైవరు గారు ఏ తప్పూ చేయలేదు. నీ ఉత్తరం వచ్చి ఇన్ని రోజులైనా జవాబు రాయకుండా నీళ్ళు నమిలాను. ఈసారి ట్యాంకరు వెళ్ళేలోగా రాయకపోతే నేను మనిషినే కాదు.

ఓవర్‌హాల్ చేసి వచ్చిన పంపు చెడిపోయింది. సరిచేశానని రాసింది అబద్ధం. కొత్తదానికి ఐదు నెలలు పడుతుందన్నారు. షో అయిపోతుంది, ఆ చోటు ఇంకో జట్టుకి ఇచ్చేస్తారు. హాంగరు వెనకాల మా రెండో విమానం చక్రాలు లేకుండా దిమ్మెల మీద ఉంది, విడిభాగాల కోసం ఉంచాం. దాని పంపు తీసి దీనికి వేశాను. పద్దెనిమిదేళ్ళు కిరోసిన్ తాగిన పంపు. బయటి రింగులన్నీ మార్చాను. ఇరుసు చుట్టూ లోపల ఒక రింగు ఉంటుంది, దాన్ని మార్చాలంటే ఫ్యాక్టరీలో ఉండే ప్రెస్ కావాలి, నా దగ్గర లేదు. అది పాతదే. లాగ్ బుక్కులో రాయలేదు. ఓనరు గారికి తెలియదు.

గుడ్డిగా వదిలేయలేదు అక్కా. ఆ రింగు కారితే పంపు కింద ఒక సన్నని గొట్టంలోంచి బయటికి వస్తుంది. ప్రతి ఫ్లైటు తర్వాతా దాని కింద సీసా పెట్టి చుక్కలు లెక్కపెడుతున్నాను. నిమిషానికి ఇరవై చుక్కల దాకా ఫర్వాలేదని మాన్యువల్లోనే ఉంది. మొదటిరోజు మూడు. తర్వాతి వారం ఐదు. తర్వాత తొమ్మిది. నిన్న పద్నాలుగు.

నీ డబ్బాలో కిరోసిన్ జాడ ఎలా వచ్చిందో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది. ట్యాంకు నుంచి డబ్బా నింపాక కొంచెం వెలితిగా ఉండేది. చుక్కలు పట్టిన సీసా పక్కనే ఉంది, నువ్వు అంత కష్టపడి చేసిన ఇంధనం పారబోయడానికి చెయ్యి రాలేదు. దాన్నే డబ్బాలో ఒంపేశాను. రింగు కక్కింది నీకే పంపాను. పోలీసుకి తనే వేలిముద్రలు పోస్టు చేసిన దొంగ గురించి ఎక్కడా విని ఉండవు.

ఇప్పుడు నిన్నొకటి అడుగుతున్నాను. వచ్చే శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి షో నిర్వాహకుల ముందు పిచ్చుక పూర్తి ప్రదర్శన చేసి చూపించాలి. అది నచ్చితేనే అనుమతి ఇస్తారు. గురువారం రావలసిన ట్యాంకరులో సగం కిరోసిన్ కలిపి పంపు. కాగితం మీద మాత్రం ఎప్పుడూ రాసినట్టే రాయి. సగం కలిపితే ఏ భయమూ లేదని మొదటి ఉత్తరంలో నువ్వే రాశావు. కిరోసిన్ తగలగానే ఆ రింగు మళ్ళీ ఉబ్బి బిగుసుకుంటుంది. చుక్కలు ఆగుతాయి. శుక్రవారం ఒక్కసారి, షో రోజు ఒక్కసారి. తర్వాత నేనే పంపు తీసి పక్కన పడేస్తాను. ఎవరికీ నష్టం లేదు. నీ సంతకం నాకు కావాలి, అంతే. జీవితంలో నిన్ను ఇంకేమీ అడగను.

నీ తమ్ముడు


ఇల్లు, వంటగది బల్ల
గురువారం, సాయంత్రం ఐదు

తమ్ముడూ,

ఫోన్ చేసి చెప్పొచ్చు. చేస్తే నువ్వు ఏడుస్తావు, నేను కరిగిపోతాను. అందుకే రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి నేను చేసిన మొదటి పని నీకు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. సర్టిఫికెట్ల పుస్తకం తీసి ముందు పెట్టుకున్నాను. నువ్వడిగినట్టు రాయడానికే. పిచ్చుక క్షేమంగా ఉంటుంది, దాని షో దానికి దక్కుతుంది, నీ ఉద్యోగం నిలబడుతుంది, నూటికి నూరు పాళ్ళని మా ప్లాంటుకీ పేరొస్తుంది అని నాకు నేనే వరసగా చెప్పుకున్నాను. పెన్ను మూత కూడా తీశాను.

అప్పుడు సీసాలు గుర్తొచ్చాయి. నువ్వు పంపిన రింగుల్లో ఒకదాన్ని, మా ఇంధనంలో కుంచించుకుపోయినదాన్ని, మూడు వారాల క్రితం ఊరికే తెలుసుకుందామని మళ్ళీ కిరోసిన్‌లో వేసి పెట్టాను. వెళ్ళి తీశాను. ఉబ్బింది, నువ్వు చెప్పింది నిజమే. కడ్డీకి తొడిగితే పట్టుకుంది కూడా. రెండు వేళ్ళతో కొంచెం వంచాను. చిటుక్కున చీలింది. కక్కేటప్పుడు రబ్బరులో ఉన్న మెత్తదనం కూడా పోతుంది తమ్ముడూ. మళ్ళీ తాగినా అది తిరిగి రాదు. మొదటి నుంచీ కిరోసిన్ వదలని రింగులకైతే సగం కలిపితే భయం లేదు. ఒకసారి ఎండినదానికి ఏ కలగలుపూ పనిచేయదు.

పిచ్చుకకి తెలుసో లేదో నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అందుకే దానికే ఫోన్ చేశాను. పంపు గురించి అడగ్గానే, "అమ్మా, మామయ్య అది బిగిస్తుంటే టార్చి పట్టుకుంది నేనే" అంది.  రేపు ఎగరొద్దు అన్నాను. "నువ్వు భయపడతావనే చెప్పలేదు. మామయ్య లెక్క చూసుకుంటున్నాడు. ఇది పోతే నాకు ఇంకో ఛాన్సు ఇవ్వరమ్మా" అంది. రబ్బరు చీలిందని చెప్పాను. "నీ సీసా వేరు, ఇంజిన్ వేరు" అని పెట్టేసింది. మీరిద్దరూ ఒకరి ధైర్యాన్ని ఒకరు చూసుకుని మురిసిపోతున్నారు. మిమ్మల్ని ఆపే మూడో మనిషి అక్కడ లేడు.

అందుకని ట్యాంకరు ఆపించాను. మా మేనేజరుకి జరిగింది చెప్పి డ్రైవరు గారి మీద నింద తీయించాను. తర్వాత విమానాల ఇన్‌స్పెక్టరుకి ఫోన్ చేసి పంపు సంగతి, లాగ్ బుక్కు సంగతి, నీ పేరు, అన్నీ చెప్పాను. నీ పేరు చెప్పేటప్పుడు ఆయన రెండుసార్లు అడిగాడు, మీకు ఏమవుతారని. తమ్ముడని చెప్పాను.

నీకు ముందే చెప్పి, నీ అంతట నువ్వే ఒప్పుకునే అవకాశం ఇచ్చి ఉండొచ్చు. ఇవ్వలేదు. నువ్వు ఒప్పుకోకపోతే అన్న భయం నీ మీద ప్రేమ కంటే పెద్దదైపోయింది. ఈ ఉత్తరం డ్రైవరు గారే తన కారులో తెస్తానన్నారు. ఆయనకి క్షమాపణ నువ్వే చెప్పు, నేను చెప్పింది సరిపోదు.

అక్క


అద్దె గది, కిటికీ పక్కన
షోకి వారం

అక్కా,

ఇది పోస్టులో వస్తుంది. హాంగరులోకి నాకు ఇప్పుడు ప్రవేశం లేదు.

నీకు అందరూ ఒకటి చెబుతారు, పిచ్చుక అయితే ఇప్పటికే ఊరంతా చెబుతోంది. మామయ్య ఎలాగూ ఆపేసేవాడు, అమ్మే తొందరపడి ఇన్‌స్పెక్టర్ని పిలిచింది అని. దాన్ని నమ్మకు. ఏం జరిగిందో నేను రాస్తున్నాను, ఈసారి పొట్టిగా రాయను.

గురువారం ట్యాంకరు రాలేదు. నువ్వు ఒప్పుకోలేదని అర్థమైంది. అక్కడ ఆగాల్సింది. ట్యాంకులో పాత ఇంధనం ఇంకా ఉంది, ప్రదర్శనకి సరిపోతుంది. శుక్రవారం ఉదయం ఏడింటికి ఇంజిన్ వేడెక్కించి ఆపాం. సీసా పెట్టి గడియారం చూస్తూ లెక్కపెట్టాను. పందొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టాను, పందొమ్మిదే. ఇరవైకి ఒకటి తక్కువ. నాకు ఎంత సంతోషమేసిందో తెలుసా? పరీక్షలో అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాడిలా సంబరపడ్డాను. పిచ్చుక వంక చూసి బొటనవేలు ఎత్తి చూపించాను. విమానం ఎగరడానికి సిద్ధంగా ఉందని కాగితం మీద సంతకం పెట్టాను. అది నిచ్చెన ఎక్కి లోపల కూర్చుంది. బెల్టులు నేనే బిగించాను.

ఏడూ నలభైకి ఇన్‌స్పెక్టరు జీపు హాంగరు ముందు ఆగింది. వెనకే డ్రైవరు గారి కారు.

ఇన్‌స్పెక్టరు అరవలేదు. ఎన్ని చుక్కలని అడిగాడు, చెప్పాను. వరసగా అన్ని రోజులవీ చెప్పమన్నాడు, చెప్పాను. "మూడు నుంచి పందొమ్మిదికి ఎక్కింది, ఈ ఫ్లైటు మధ్యలో ఎంతవుతుందని అనుకున్నారు?" అన్నాడు.  నేల మీద ఆగి ఉన్న ఇంజిన్ దగ్గరే ఎప్పుడూ లెక్కపెట్టాను అక్కా. మన బిడ్డ తలకిందులుగా వేలాడుతూ ఉన్నప్పుడు ఆ రింగు ఏం చేస్తుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ముప్ఫై ఏళ్ళ అనుభవం అని చెప్పుకుని తిరిగాను.

పంపుని ఫ్యాక్టరీకి పంపి విప్పించారు. నన్నూ రమ్మన్నారు. ఇరుసు బయటికి లాగగానే రింగు మూడు ముక్కలై రాలింది. నాలుగో ముక్క దొరకలేదు, అది అంతకుముందే ఎటో కొట్టుకుపోయింది. విప్పినతను గ్లవ్స్ తీసేసి, ఎవరు ఎగరబోయారని అడిగాడు. నా మేనకోడలు అని చెప్పాను. 

లైసెన్సు తీసేసుకున్నారు. తిరిగి ఇవ్వరనే అనుకుంటున్నాను, అడగను కూడా. ఓనరు గారు షో నుంచి తప్పుకున్నారు. డ్రైవరు గారికి క్షమాపణ చెప్పాను. ఆయన నీ ఉత్తరం నా చేతిలో పెట్టి, "ముందు ఇది చదువుకోండి, నా సంగతి తర్వాత చూసుకుందాం" అన్నారు. ఇంకా చూసుకోలేదు.

నువ్వు ఇన్‌స్పెక్టరుకి ఫోన్ చేయకపోతే నేను ఎగరనిచ్చేవాణ్ణి. ఇది నీకొక్కదానికే కాదు, పిచ్చుకకీ రాశాను. అది నమ్మడం లేదు. నమ్మితే ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో దానికి తెలియదు. నువ్వు దానికి ఎప్పుడూ అందుబాటులోనే ఉంటావు కాబట్టి నీ మీద తెచ్చుకుంది.

నీ తమ్ముడు


ఇల్లు
షో అయిన మర్నాడు

తమ్ముడూ,

నిన్ను క్షమించానని రాయలేను. రెండుసార్లు రాసి చించేశాను. నువ్వు దాని బెల్టులు బిగించిన మాట చదివినప్పుడల్లా నా కోపం మళ్ళీ మొదటికొస్తుంది. అది తగ్గడానికి ఎన్నాళ్ళు పడుతుందో తెలియదు. తగ్గేదాకా నువ్వు ఎక్కడో గదిలో ఒంటరిగా కూర్చోవడం కూడా నేను భరించలేను. ఆదివారం భోజనానికి రా. నేను మాట్లాడకపోవచ్చు. మీ బావ మాట్లాడతారు, కోటా పెంచమని చెప్పాను.

నిన్న నేనూ ఆయనా షోకి వెళ్ళాం. టిక్కెట్లు ఆయన ఎప్పుడో కొన్నారట, నాకు చెప్పకుండా. కంచె దగ్గర నిలబడి మొదటిసారి చెవులు మూసుకోకుండా చూశాను. పిచ్చుకకి ఇచ్చిన సమయంలో ఆకాశం ఖాళీగా ఉంది. పద్దెనిమిది నిమిషాలు. జనం తినడానికి వెళ్ళారు, కొందరు నిర్వాహకులని తిట్టారు. నేను మాత్రం ఆ ఖాళీ వంకే చూస్తూ నిలబడ్డాను. అంత అందమైన ప్రదర్శన అక్కడ ఇంకెవరూ చేయలేదు.

పిచ్చుకకి రోజూ సాయంత్రం ఫోన్ చేస్తున్నాను. ఎత్తుతుంది. నేను ఆఫీసు సంగతులు, ఇంటి సంగతులు చెబుతాను. అటునుంచి ఒక్క మాట ఉండదు. అది ఎప్పటికీ మాట్లాడదేమోనని మీ బావ దిగులుపడుతున్నారు. నాకు దిగులు లేదు తమ్ముడూ. నా మీద కోపంతో అది ఊపిరి బిగబట్టడం, మళ్ళీ వదలడం నాకు వినబడుతూ ఉంటుంది. అది పెట్టేసేదాకా వింటూ కూర్చుంటాను.

అక్క